రజిత గొంతు, మా రెండో వెర్షన్

నా విజిటింగ్ కార్డు మీద అప్లికేషన్ ఇంజినీర్ అని ఉండేది. చేసే పని మాత్రం బస్సెక్కడం, దిగడం, అడగడం. మా ప్రోగ్రాం వాడేవాళ్ల దగ్గరికి పోయి, అది ఎలా పనిచేస్తోంది, అందులో ఏది పనికొస్తోంది, ఏది రావడం లేదు, కొత్తగా ఏం చేర్చమంటారు అని అడిగి, విన్నది తెచ్చి నాచారం ఆఫీసులో చెప్పాలి. ఇప్పుడు ఈ పనికి పెద్ద పెద్ద డిపార్టుమెంట్లే ఉన్నాయట. మా అక్క మనవరాలు మొన్న అలాంటి దాంట్లోనే చేరింది. "నువ్వు గూడ ఇదే పని చేసినవంట కదా అమ్మమ్మా, ఏమన్న చెప్పరాదు" అంది. చెబుదామని కూర్చుంటే మాట సాగలేదు. రాసిస్తానన్నాను.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, జీతం ఎంత పెరిగింది, ఇవన్నీ రాయను. అవి అందరికీ ఉండేవే. రజిత అని ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల గొంతు సంగతి రాస్తాను. నా పని గురించి నాకు తెలిసిందంతా రజిత వల్లే తెలిసింది. నాకు తెలిసినందువల్ల ఆ పిల్లకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. అందుకే ఇది అంత సంతోషంగా చదివే కాగితం కాదని ముందే చెబుతున్నాను.

రేకుల షెడ్డు

మాది మౌలాలి. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, అక్కడా ఇక్కడా పనిచేసి, తొంభైల మొదట్లో మూర్తి గారి కంపెనీలో చేరాను. మూర్తి గారు కృష్ణా జిల్లా మనిషి. ప్రభుత్వ సంస్థలో సైంటిస్టుగా ఉండి, రాజీనామా చేసి, నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. మేము చేసేది శబ్దాలను పరీక్షించే ప్రోగ్రాం. గోడకు అవతల స్టీలు గిన్నెలు కొట్టే కార్ఖానా. పొద్దంతా ఆ దరువు వింటూ మేము శబ్దాల గురించి ఆలోచించేవాళ్లం.

ప్రోగ్రాం పని ఇది. మైకు పెట్టి ఏదైనా శబ్దం రికార్డు చేస్తే అది కంప్యూటర్‌లో ఒక ఫైలు అవుతుంది. మా ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి, శబ్దం ఎంత గట్టిగా ఉంది, ఎంత సన్నగా ఉంది, ఎక్కడ తేడా వచ్చింది అని గీతలు గీసి చూపిస్తుంది. మోటార్లు, ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలవాళ్లు కొనేవాళ్లు. మోటారు తిరిగే చప్పుడును బట్టి లోపల బేరింగు బాగుందో లేదో తెలుస్తుంది.

మొదటి వెర్షన్‌లో ఇంకొక సదుపాయం ఉండేది. రికార్డు చేయనక్కర్లేకుండా, మైకు ముందు శబ్దం వస్తుండగానే తెర మీద గీత కదిలేది. శబ్దం సన్నబడితే గీత పైకి పోయేది, బొంగురుగా అయితే కిందికి దిగేది. దానికోసం మా షెడ్డులోనే ఒక కార్డు తయారుచేసి కంప్యూటర్‌లో బిగించేవాళ్లం. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా మూర్తి గారు ముందు అదే చూపించి మురిసిపోయేవారు. ఫ్యాక్టరీలవాళ్లు మాత్రం చూసి నవ్వి ఊరుకునేవాళ్లు, వాళ్లకు దానితో పనిలేదు.

"మస్తున్నది మేడం"

చేరిన కొత్తలో నాకొక ఫారం ఇచ్చారు. బాగుంది, చాలా బాగుంది, బాగాలేదు. ఎక్కడికి పోయినా 'చాలా బాగుంది' దగ్గరే టిక్కు. అవి పట్టుకుని వస్తుంటే నాకే గర్వంగా ఉండేది.

ఉప్పల్‌లో ఒక మోటార్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసేవాడు. "మస్తున్నది మేడం మీ మిషన్. వంక పెట్టేటట్టు లేదు. ముందుగాల చాయ్ తాగుండ్రి" అనేవాడు. ఎప్పుడు పోయినా ఇదే మాట. ఒకసారి దసరా పోయిన వారంలో వెళ్లాను. కంప్యూటర్‌కు బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది. తెరకు పసుపు, కుంకుమ. ఆయుధపూజ చేశారు, సంతోషం. దండ తీద్దామని చెయ్యి పెడితే, కీబోర్డు మీద మేము ఇచ్చిననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. విప్పిన పాపాన పోలేదు.

"జర నడిపి చూపెట్టన్నా" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. చివరికి అసలు సంగతి చెప్పాడు. షెడ్డులో వేరే మిషన్ల చప్పుడంతా మైకులో పడుతోంది, అందుకని గీతలు ఎప్పుడూ ఒకేలా వస్తున్నాయని, రెండు రోజులు ఆ కవరు మీదనే నొక్కి చూసి వదిలేశారు. "మరి ఇన్ని రోజులు చెప్పలేదేమన్నా?" అంటే, "అంత దూరం నుంచి వస్తరు, ఏం జెప్తం మేడం" అన్నాడు.

నవ్వుకోవాల్సిన సంగతే, నవ్వుకున్నాను కూడా. ఆ రోజు నుంచి ఎలా ఉందని అడగడం మానేసి, ఒకసారి చేసి చూపించండని పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. మన దగ్గర గడప తొక్కి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపరు. ఏమీ లేకపోతే ఒక మంచి మాటైనా చేతిలో పెడతారు. ఆ మంచి మాటలే నేను పోగుచేసుకొచ్చి ఆఫీసులో లెక్కపెడుతున్నాను. అది తప్పుడు సరుకని మూర్తి గారికి చెబితే, "వాడేవాళ్ల మాట మనం నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతాం సరళా" అన్నారు. ఆయన అబద్ధం ఆడని మనిషి. ఎదుటివాళ్లు కూడా ఆడరనే అనుకునేవారు.

అనసూయ టీచర్ బడి

ఉప్పల్‌లోనే, బస్సు డిపో వెనకాల ఒక మేడ మీద చెవిటిపిల్లల బడి ఉండేది. రెండు గదులు, పైన రేకులు. నడిపేది అనసూయ టీచర్. మూర్తి గారు ఎవరో చెప్పగా విని, ఒక కంప్యూటర్, మా ప్రోగ్రాం, కార్డు అన్నీ ఆ బడికి ఊరికే ఇచ్చారు. ఇచ్చి మరచిపోయారు కూడా. మంచి మనిషి, అందులో మాట లేదు. నా తిరుగుడులో ఆ బడి కూడా ఉంది కాబట్టి నేను పోయేదాన్ని.

మొదటిసారి పోయినప్పుడు తెర మీద అక్కడక్కడా ఎర్రటి స్టిక్కర్ బొట్లు అంటించి ఉన్నాయి. ఎవరో పిల్లలు ఆడుకున్నారేమో అనుకుని గోటితో గీకబోతే, టీచర్ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా, అవి నేనే పెట్టిన. గా బొట్టు రజితది."

రజితకు అప్పుడు తొమ్మిదేళ్లు. పసితనంలో జ్వరం వచ్చి చెవులు పోయాయి. బస్సు హారన్ లాంటివి తప్ప ఏవీ వినపడవు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి, మాట్లాడితే కుక్కరు విజిలంత సన్నగా, గట్టిగా వచ్చేది. వీధిలో పిల్లలు చెవులు మూసుకుని ఎగతాళి చేసేవాళ్లు. వాళ్ల అరుపులు వినపడకపోయినా ఆ ముఖాలు కనపడతాయి కదా. పిల్ల నోరు తెరవడం మానేసింది.

టీచర్ చేసిన ఉపాయం ఇది. రజిత మైకు ముందు 'ఆ' అంటే గీత ఎక్కడో తెర పైఅంచుకు పోతుంది. మామూలు ఆడపిల్ల గొంతైతే గీత ఎక్కడ ఉంటుందో అక్కడ టీచర్ తన స్టిక్కర్ అంటించింది. గీతను బొట్టు దగ్గరికి దించాలి, అదే ఆట. రజిత ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకుని, కళ్లు తెర మీద పెట్టుకుని, 'ఆ' అని మొదలుపెట్టి కొంచెం కొంచెంగా దించేది. ఊపిరి చాలక మధ్యలో తెగిపోయేది. మళ్లీ మొదలు. గీత బొట్టును తాకినప్పుడు మాత్రం గొంతు మీది చెయ్యి తీయకుండా అలాగే నిలబడేది. గొంతులో ఎక్కడ ఎలా పట్టుకుంటే అక్కడికి వచ్చిందో గుర్తుపెట్టుకుంటోందని టీచర్ చెప్పింది.

మేము ఈ వాడకం గురించి కలలో కూడా అనుకోలేదు. వచ్చి ఆఫీసులో చెబితే అందరూ అబ్బో అన్నారు.

కొన్ని నెలలకు 'ఆ' పోయి మాటలు వచ్చాయి. రజిత వాళ్ల నాయిన యాదగిరి. భువనగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో రేకులు వత్తే ప్రెస్సు నడిపేవాడు. డ్యూటీ దిగి సైకిల్ మీద బిడ్డను తీసుకుపోవడానికి వచ్చేవాడు. ఒకనాడు నేను అక్కడే ఉన్నాను. ఆయన మెట్లెక్కి గుమ్మంలో నిలబడగానే రజిత చూసి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, తెర వంక చూడకుండానే "నాయినా" అంది. కొంచెం ముక్కుతో వచ్చింది, చివర కొంచెం సాగింది. కానీ మనిషి గొంతు, చిన్నపిల్ల గొంతు.

యాదగిరి గిర్రున తిరిగి మెట్లు దిగి, కింద నల్లా దగ్గర ముఖం కడుక్కుని పైకి వచ్చాడు. వచ్చి బిడ్డ ముందు కూర్చుని, "మల్లొకపారి అను బిడ్డ" అన్నాడు, ఆ పిల్లకు పెదాలు కనపడేటట్టు మెల్లగా. రజిత మళ్లీ అంది. టీచర్, నేను అటు తిరిగి నిలబడ్డాం.

మూర్తి గారు బడికి వచ్చిన రోజు

ఇంతలో రెండో వెర్షన్ పని మొదలైంది. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని కూర్చున్నాం. మా కార్డుకు కావలసిన చిప్పులు దొరకడం కష్టమైంది. కరెంటు ఎక్కువ తక్కువైతే కార్డులు కాలిపోయేవి. వాటిని బాగుచేయడానికే ఒక మనిషి కావాలి. కదిలే గీత తీసేస్తే కార్డే అక్కర్లేదు, బజార్లో దొరికే మామూలు సౌండు కార్డు చాలు. శబ్దం రికార్డు చేసి, సేవ్ చేసి, ఫైలు తెరిస్తే గీత ఎలాగూ వస్తుంది. ఫ్యాక్టరీలకు అంతకంటే ఏం కావాలి?

నేను ఒప్పుకోలేదు. పిల్లకు గొంతులో మార్పు, తెర మీద మార్పు ఒకేసారి కనపడాలి, తర్వాత కనపడితే లాభం లేదని చెప్పాను. మూర్తి గారు విసుక్కోలేదు. "నీ మాట మీద ఉంచలేను సరళా. ఆ టీచరుగారు తన నోటితో కావాలంటే ఉంచేద్దాం. కష్టమో నష్టమో కార్డులు చేద్దాం. నేనే వచ్చి అడుగుతాను" అన్నారు. ఆయన అలా అంటే చేసేవారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ముందురోజు టీచర్ దగ్గరికి పోయి అంతా విడమరచి చెప్పాను. "సార్ అడుగుతడు. కావాలె అని ఒక్క మాట అనండి. అది లేకుంటే పిల్ల ఆగమైతదని చెప్పండి. ఇంకేం అనొద్దు." టీచర్ తల ఊపింది. "అంటనక్కా, ఎందుకనను? రజిత కోసం అననా?" అంది.

మూర్తి గారు వచ్చేసరికి బడి కడిగి ముగ్గేశారు. పక్కింటి నుంచి పింగాణీ కప్పులు తెచ్చారు, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. పిల్లలందరూ వరసగా నిలబడి చేతులు జోడించారు. టీచర్ పట్టుచీర కట్టుకుంది. ఆ చీర చూడగానే, ఈమె ఇవాళ 'కావాలె' అనదేమో అనిపించింది. రజిత మైకు ముందు నిలబడి గీతను బొట్టు మీదికి తెచ్చి చూపించింది. మూర్తి గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

చాయ్ తాగుతూ అడిగారు. "టీచరుగారూ, కొత్త దాంట్లో ఈ కదిలే గీత తీసేద్దామనుకుంటున్నాం. రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవచ్చు. మీకేమన్నా ఇబ్బంది అవుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి."

టీచర్ చేతిలో బిస్కెట్ల పళ్లెం ఉంది. నా వంక ఒకసారి చూసింది. మూర్తి గారి వంక చూసి నవ్వింది.

"ఇబ్బంది ఏముంటది సార్. మీరు ఇచ్చిందే ఎక్కువ. మాకు ఇట్ల ఇచ్చేటోళ్లెవరు? ఎట్లనన్న సర్దుకుంటం. ఇంకొక బిస్కెట్ తీసుకోండి సార్."

"టీచర్, నిన్న నాతో ఏమన్నరు? అదే చెప్పండి" అన్నాను, గొంతు పెరిగింది. ఆమె ముఖం ఎర్రబడింది. "గట్లేం లేదు సార్, మేడంకు పిల్లలంటే ప్రేమ, అందుకని అంటది" అంది. మూర్తి గారు మెట్లు దిగుతూ, "విన్నావుగా. వాడేవాళ్లే అక్కర్లేదంటుంటే నువ్వెందుకమ్మా అంత పట్టుపడతావు" అన్నారు. ఆయన గొంతులో హేళన లేదు. నిజంగానే తేలిపోయిందనుకున్నారు.

ఆయన కారు పోయాక నేను మళ్లీ పైకి పోయాను. టీచర్ కప్పులు కడుగుతూ ఏడుస్తోంది. "ఇంటికొచ్చిన పెద్దమనిషి. ఊకెనే ఇచ్చిండు. ఆయన ముందట నిలవడి, నువ్వు ఇచ్చేది సాలదని నోరెట్ల వస్తదక్కా? అందామనే అనుకున్న. రాలే."

ఆమె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. చాలా రోజులు ఉంది. తర్వాత ఆలోచిస్తే, ఎక్కువ తప్పు అడిగిన తీరుదే అనిపించింది. దానం ఇచ్చినవాడు పట్టుచీర కట్టుకున్న మనిషిని పదిమంది ముందు అడిగితే ఇంకేం వస్తుంది? ఆ ప్రశ్న ఆ గదిలో వేయకూడదు, ఆయన వేయకూడదు. పక్కన కూర్చుని గీత ఆపేసి, రజిత ఏం చేస్తుందో చూస్తే సరిపోయేది. ఈ సంగతి ఆఫీసులో ఎంత మొత్తుకున్నా, టీచరే వద్దన్నాక ఇంకేముందన్నారు.

కొత్త వెర్షన్

పాత కార్డులు కాలిపోతే బాగుచేసేవాళ్లు ఇక ఉండరని, అమ్మినచోటా ఊరికే ఇచ్చినచోటా అన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి పెట్టారు. బడిలో మార్చిన రోజు నేను వెళ్లలేదు, వేరేవాళ్లు వెళ్లారు. తర్వాతి వారం వెళ్లాను.

రజిత మైకు ముందు 'ఆ' అంది. తెర ఖాళీగా ఉంది. టీచర్ ఆపింది, సేవ్ చేసింది, ఫైలు తెరిచింది. ఆ కంప్యూటర్ వేగానికి గీత వచ్చేసరికి రజిత కిటికీలోంచి బస్సులు చూస్తోంది. టీచర్ గడ్డం పట్టుకుని తిప్పి తెర చూపించింది. రజిత చూసి, ఇది ఎవరిదన్నట్టు చెయ్యి తిప్పింది. నీదే, నీదే అని టీచర్ వేలితో ఆ పిల్ల గొంతును, తెరను మార్చి మార్చి చూపించింది. రజిత మళ్లీ 'ఆ' అంది. మళ్లీ తెర ఖాళీ. ఆ పిల్ల తెర మీద చేత్తో రెండు మూడుసార్లు కొట్టి, చెడిపోయిందేమోనని నా వంక చూసింది. బాగుచేయమన్నట్టు చూసింది. నా దగ్గర ఏముంది బాగుచేయడానికి?

టీచర్ మామూలుగా ఊరుకునే మనిషి కాదు. అద్దం పెట్టి నేర్పింది, తన గొంతు మీద పిల్ల చెయ్యి పెట్టుకుని నేర్పింది. కొంత నిలిచింది, ఎక్కువ జారిపోయింది. గొంతు మళ్లీ మెల్లమెల్లగా పైకి పోయింది. వీధిలో పిల్లలు మళ్లీ చెవులు మూసుకున్నారు. రజిత మళ్లీ నోరు మూసుకుంది. పాత కార్డు ఒక్కటైనా ఇమ్మని ఆఫీసులో అడిగాను. వెనక్కి వచ్చినవన్నీ విప్పి, చిప్పులు వేరే పనికి వాడేశారు.

మా రెండో వెర్షన్ బాగా అమ్ముడుపోయింది.

యాదగిరి ఇల్లు

తర్వాత కొన్నేళ్లకు మూర్తి గారు గుండెపోటుతో పోయారు. కంపెనీ మూతపడింది. అనసూయ టీచర్ బడి కూడా ఎటో మారిపోయింది. నేను మల్కాజిగిరిలో వేరే ఉద్యోగం చూసుకున్నాను. తొంభైలు అయిపోవస్తున్నాయి.

ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే ఎవరో "మేడం" అని పిలిచారు. యాదగిరి. జుట్టు నెరిసింది. "గింత దూరం వచ్చి ఇంటికి రాకుంట పోతరా" అని వదల్లేదు. నాచారంలో ఒక గది పోర్షన్. గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు రజిత కూర్చుని ఉంది. పొడుగ్గా అయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, లేచి, రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. చేతులతో గబగబా ఏవో చెప్పి, బుగ్గలు పూరించి చూపించింది. వాళ్ల నాయిన నవ్వి, "మీరు దొడ్డుగైన్రంటది" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. రజిత చాయ్ పెట్టి తెచ్చింది, జాకెట్లు కుట్టినవి చూపించింది. కుట్టు ఎంత చక్కగా ఉందో. పిల్ల కళకళలాడుతోంది, ఆ మాట నిజంగా చెప్పాలి.

"మాట్లాడుతదా అన్నా?" అన్నాను.

యాదగిరి కూతురు వంక చూశాడు. ఆ పిల్ల మళ్లీ మిషను తొక్కుతోంది, మా పెదాల వంక చూడడం లేదు. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గా గీత తియ్యకుండ ఉండాల్సింది మేడం. మీరు బాధపడ్డా సరే, అంటున్న. గది ఉన్నన్ని దినాలు నా బిడ్డ నన్ను నాయినా అని పిలిచింది. తీసినంక కొన్నాళ్లు పిలిచింది, ఇగ పిలువలే. నేను డ్యూటీ దిగి వస్తే, ఇప్పటికీ గా గుమ్మంల జరసేపు నిలవడ్త."

ఆ పనిలో నేను ఎందరి దగ్గరికో తిరిగాను, ఎన్నో అడిగాను. దాపరికం లేకుండా నా ముఖం మీద చెప్పిన మనిషి యాదగిరి ఒక్కడే. పోయి చెబుదామంటే ఆఫీసు లేదు. వినడానికి మూర్తి గారు లేరు. ఉంటే ఈ మాటకు కార్డులు మళ్లీ చేయించేవారు, ఆ నమ్మకం నాకుంది.

రజిత మిషను ఆపి తలెత్తింది. నా ముఖం చూసి, వాళ్ల నాయిన మోచెయ్యి తట్టి, ఎందుకు ఏడుస్తోందని చేత్తో అడిగింది. ఆయన ఏమీ లేదని చేత్తోనే చెప్పాడు.